సమాధుల తోటకు కెమెరా

మార్చి చివర మంచు కరిగి నేల బయటపడ్డాక, సిరిల్ హుదాక్ ఏటా చేసినట్టే సమాధుల వరసలన్నీ నడిచి చూశాడు. చలికాలంలో ఏ రాయి ఒరిగిందో, ఎక్కడ నేల కుంగిందో, ఏ కొమ్మ విరిగి ఎవరి మీద పడిందో చూసుకుని నోటుపుస్తకంలో రాసుకోవడం అతని పని. అరవై ఒకటో ఏట మోకాళ్ళు ఆ గుట్ట ఎక్కలేమని మొరాయిస్తున్నాయి. అయినా చూడాల్సినవాడు అతనొక్కడే. ఆ రోజు తోటలో మూడో భాగం దాటేసరికి పుస్తకంలో ఒరిగిన రాళ్ళ సంగతి రెండు ముక్కలే ఉంది. మిగతా పేజీ అంతా పేర్లు. పద్నాలుగు సమాధుల మీద కంచు కూజాలు లేవు.

పూలు పెట్టుకోవడానికి పలకకి బిగించే కూజాలవి. తిప్పి లాగితే ఊడొస్తాయి. పాత సామాన్ల కొట్లో తూకానికి కొంటారు. కూజాలు పోవడం కొత్త కాదు గాని, ఒక్క చలికాలంలో పద్నాలుగు పోవడం అతని ముప్పై మూడేళ్ళ ఉద్యోగంలో ఎప్పుడూ లేదు.

ఇంకో సంగతి కూడా అతను గమనించాడు. పేర్లన్నీ మళ్ళీ ఒకసారి చదువుకున్నాడు. తిమ్కో, బాల్కో, హ్రింకో అక్కచెల్లెళ్ళు, గని కూలినప్పుడు పోయిన ఇద్దరు అన్నదమ్ములు. ఈస్టరుకి గాని, నవంబరులో ఆత్మల పండుగకి గాని ఒక్కరూ రాని సమాధులవి. బంధువులు చచ్చిపోయారో, పిట్స్‌బర్గు వెళ్ళిపోయారో. వాటి పక్కనే, ప్రతి ఆదివారం పూలు మారే సమాధుల మీద కూజాలు కదలకుండా ఉన్నాయి. ఏది ఎవరూ రాని సమాధో, ఏది వచ్చేదో, బయటివాడికి ఎలా తెలుస్తుంది? ఆ ప్రశ్న మనసులోకి రాగానే సిరిల్ పుస్తకం మూసి జేబులో పెట్టుకున్నాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

గురువారం చర్చి నేలమాళిగలో పెద్దల సంఘం కూర్చుంది. మర్నాటి చేపల విందుకి ఆడవాళ్ళు పక్కగదిలో క్యాబేజీ తరుగుతున్నారు. సంఘానికి పెద్ద బెర్నడిన్ సబోల్. డెబ్బై తొమ్మిదేళ్ళావిడ. ఊళ్ళో సగంమందికి నాలుగో తరగతి చెప్పింది, అందులో సిరిల్ కూడా ఒకడు. ఈనాటికీ ఆవిడ ఎదురుగా కూర్చుంటే అతను చేతులు బల్ల మీదే పెట్టుకుంటాడు.

పద్నాలుగు అనగానే మిగతా ఇద్దరు పెద్దలు సిలువ గుర్తు వేసుకున్నారు. బెర్నడిన్ మాత్రం కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

"పొద్దున్నే ఒకడు మన సమాధుల మధ్యనుంచి నడిచి పోతాడటగా. ఆ గిడ్డంగిలో పనిచేసేవాడు."

"బస్సు దిగి గిడ్డంగికి అడ్డదారి అది, టీచర్‌గారూ," అన్నాడు సిరిల్. "ఐదేళ్ళుగా నడుస్తున్నాడు. చేతిలో అన్నం డబ్బా తప్ప ఏమీ ఉండదు."

"డబ్బా తెరిచి చూశావా?"

గనులు మూతపడి, కుట్టుమిల్లులు మూతపడి, సొంత పిల్లలు ఊరు వదిలిపోయాక వచ్చి ఖాళీ ఇళ్ళలో దీపం పెట్టినవాళ్ళు, ఆ నడిచే మనిషిలా డొమినికన్ దేశం నుంచి వలస వచ్చినవాళ్ళు. వాళ్ళ మంగలికొట్లూ, వాళ్ళ రొట్టెల కొట్లూ లేకపోతే పెద్దవీధిలో తెరిచి ఉండే తలుపే ఉండదు. ఆ సంగతి బెర్నడిన్‌కీ తెలుసు. అయినా ఏదైనా పోతే ఆవిడ చూపు ముందు అటే పోతుంది.

చివరికి కెమెరాలు పెట్టాలని తీర్మానించారు. ఏవి పెట్టాలో తేల్చే పని సిరిల్ మెడకే పడింది. మూడేళ్ళ కిందట తవ్వే యంత్రాన్ని బేరం చేసి తెచ్చింది నువ్వే కదా, ఇదీ నువ్వే చూడు అన్నారు. ఆ మాట వినగానే అతనికి నడుము పట్టేసినంత పనయింది. ఆ యంత్రం వచ్చిన నెలకే, ఇరవై రెండేళ్ళు తనతో కలిసి గోతులు తవ్విన రీజిస్ యుర్కోని సంఘం పనిలోంచి తీసేసింది. ఇక ఒక్క మనిషి చాలునని కాగితం మీద రాసి సంతకం పెట్టింది సిరిలే. రాయమన్నారు, రాశాడు. అబద్ధం కూడా కాదు.

మొదట ఫిలడెల్ఫియా నుంచి ఒక కంపెనీ మనిషి వచ్చాడు. మెరిసే బూట్లతో బురదలో నాలుగడుగులు వేసి, తర్వాత కారులోంచే చూశాడు. పదహారు కెమెరాలు, మూడు ఎత్తైన స్తంభాలు, సూర్యరశ్మితో నడిచే పలకలు, నెలనెలా చందా. ఎక్కడున్నా ఫోనులోనే గుట్టంతా చూడొచ్చన్నాడు. అతను పంపిన బొమ్మల పుస్తకం పెద్దలకి తెగ నచ్చింది, చివరి పేజీలో ధర చూసేదాకా. తర్వాత బెర్నడిన్ మేనల్లుడు పెద్ద బజారులో అమ్మే డబ్బా సంగతి చెప్పాడు. నాలుగు కెమెరాలు, ఒక రికార్డరు, అన్నీ ఒకే పెట్టెలో. కొని తెచ్చి గోడకి కొట్టుకోవడమే. ఇంకొకాయనైతే వేటగాళ్ళు చెట్టుకు కట్టుకునే కెమెరాలు చాలన్నాడు. తన దగ్గరే మూడున్నాయట. పోయిన శరదృతువులో పది కొనల కొమ్ములున్న జింక పడిందట వాటిలో. ఆ జింక ఫోటో చూపించడానికే సగం సమావేశం గడిచింది.

సిరిల్‌కి తల ప్రాణం తోకకి వచ్చింది. పగలంతా పని చేసి, సాయంత్రం వంటింటి బల్ల దగ్గర ఆ కాగితాలు ముందేసుకుంటే అక్షరాలు అలుక్కుపోతున్నాయి. చివరికి భార్య చెప్పిందని ఎర్ల్ ట్రెక్స్‌లర్‌కి ఫోను చేశాడు. గిడ్డంగులకి కెమెరాలు బిగించి బిగించి రిటైరైన మనిషి. ఇప్పుడు చిన్నా చితకా పనులు ఒప్పుకుంటున్నాడు.

ఎర్ల్ బొమ్మల పుస్తకమేదీ తేలేదు. ఒక కొలతల టేపు తెచ్చాడు. గేటు నుంచి పనిముట్ల కొట్టం దాకా, కొట్టం నుంచి మూడో భాగం దాకా మాట్లాడకుండా నడిచి, తిరిగొచ్చి గేటు స్తంభానికి ఆనుకున్నాడు.

"ఏం చూడాలి మీకు?"

"దొంగని."

"అందరూ అదే చెబుతారు. దొంగ ముఖం చూడాలా? బండి నంబరు చూడాలా? ఎవడో వచ్చిపోయాడని తెలిస్తే చాలా? ఆ మూడింటికీ మూడు రకాలు. ఒకే కెమెరాతో అన్నీ చూద్దామనుకుంటే ఏదీ కనపడదు. గుట్టంతా కనపడుతుంది, మనిషి చీమంత ఉంటాడు."

సిరిల్ ఆలోచించాడు. బండి లేకుండా ఆ బరువులు మోసుకుపోవడం కుదరదు. బండి వచ్చే దారి గేటు ఒక్కటే. అయితే నంబరు, అన్నాడు.

అలాగైతే పని తేలికేనన్నాడు ఎర్ల్. స్తంభాలూ, పదహారు కళ్ళూ ఏమీ అక్కర్లేదు. రెండు చాలు. ఒకటి గేటు రాతిస్తంభానికి నడుమెత్తులో, సన్నటి చూపుతో, నంబరు ప్లేటు పట్టేంత చోటునే చూస్తూ ఉంటుంది. ఎత్తున పెడితే బండి దీపాల వెలుగు పడి కళ్ళు చెదురుతాయి దానికి. రెండోది కొట్టం చూరుకి, దారి చీలే చోటు వైపు. ఎవరు ఎటు తిరిగారో అది చెబుతుంది. కొట్టంలో కరెంటుంది కాబట్టి వైరు భూమిలోంచి లాగితే సరిపోతుంది. మాటలు రికార్డు చేసే రకం వద్దన్నాడు. చట్టం ఒప్పుకోదు, పైగా ఏడవడానికి వచ్చినవాళ్ళ మాటలు మనకెందుకు.

"పోయిందని మీకు ఎన్నాళ్ళకి తెలుస్తుంది?" అనడిగాడు తర్వాత.

"చలికాలమైతే మూడు నెలలకి."

"ఆ బజారు డబ్బా వారం రోజులే దాచుకుంటుంది. ఎనిమిదోరోజు మొదటిరోజుని చెరిపేస్తుంది. మీకు తెలిసేసరికి అందులో మంచు కురవడం తప్ప ఏమీ ఉండదు. తొంభై రోజులు దాచే రికార్డరు కావాలి. అసలు ఖర్చు దానికే. గడియారం సరిగ్గా ఉండాలి, తాళం వేసిన పెట్టెలో ఉండాలి. ఏ రోజు ఏ గంటకన్నది తేలకపోతే జడ్జీ దగ్గర అది చెత్తబుట్టకే."

టేపు చుట్టుకుంటూ ఇంకో మాటన్నాడు. "నిజం చెప్పనా? కెమెరా పెట్టామని జనానికి చెప్పుకోవడానికైతే ఆ డబ్బా చాలు. చాలామందికి కావాల్సింది అదే. తెలుసుకోవాలంటేనే ఇది. మీకు ఏది కావాలో మీ ఇష్టం."

సిరిల్ ఆలోచించి చెబుతానన్నాడు. రెండు వారాలు చెప్పలేదు. వానలన్నాడు, సమాధి తవ్వాలన్నాడు, బెర్నడిన్ ఫోను చేస్తే ఇంకా ధరలు చూస్తున్నానన్నాడు. ధరలన్నీ ఎప్పుడో చూసేశాడు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పట్టుకునే సాధనం చేతికి అందించి, కావాలా వద్దా అని అడుగుతుంటే ఏం చెప్పాలో అతనికి పాలుపోలేదు. డబ్బా కొంటే పీడా పోతుంది. వారం వారం అన్నీ చెరిగిపోతాయి. ఎవరూ ఏమీ అనరు.

ఏప్రిల్లో ఒక బుధవారం పొద్దున అతను గడ్డి కోసే యంత్రానికి నూనె పోస్తుంటే, అడ్డదారిన నడిచే ఆ మనిషి దారి వదిలి తిన్నగా తన దగ్గరికే వచ్చాడు. యాభై ఏళ్ళుంటాయి. పొట్టిగా, గట్టిగా ఉంటాడు. ఐదేళ్ళుగా ఇద్దరికీ చెయ్యెత్తే పరిచయమే. వచ్చి, భుజం మీది సంచీ దించి, తడిగడ్డి మీద దానిలోవన్నీ ఒక్కొక్కటే పెట్టాడు. అన్నం, చిక్కుళ్ళు ఉన్న డబ్బా. ఉడికించిన అరటికాయ. పనిలో వేసుకునే చేతితొడుగులు. మడతపెట్టిన మేజోళ్ళ జత.

"చూడు బాస్," అన్నాడు.

"నాకెందుకు చూపిస్తావు? తీసెయ్."

"నిన్న పోలీసు ఆపాడు. అందరి ముందూ ఇలాగే అన్నీ బయట పెట్టించాడు. మీ చర్చి వాళ్ళు చెప్పారట. నువ్వు చూడు. చూసి వాళ్ళకి చెప్పు. రోజూ ఆపితే నాకు పనికి ఆలస్యమవుతుంది."

కోపం లేదు ఆ గొంతులో. అలసట ఉంది. అది సిరిల్‌కి బాగా తెలిసిన గొంతే. రోజూ సాయంత్రం తన నోట్లోంచీ అదే వస్తుంది. అతను కష్టంగా మోకాళ్ళ మీద వంగి, డబ్బా మూత పెట్టి, ఒక్కొక్కటే తిరిగి సంచీలో సర్ది ఇచ్చాడు. పేరేమిటని అప్పుడు అడిగాడు. విల్‌ఫ్రెదో పెరాల్టా అన్నాడు ఆ మనిషి. ఆలస్యమైందని వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నమే సిరిల్ ఎర్ల్‌కి ఫోను చేసి, తెలుసుకునేదే పెట్టండి అన్నాడు.

సంఘంలో కొంత రభస జరిగింది. పదహారు కెమెరాలవాడు పదహారిస్తుంటే నువ్వు రెండిటికి ఇంత పోస్తానంటావేమని బెర్నడిన్ నిలదీసింది. సిరిల్ ఎర్ల్ చెప్పినవన్నీ, వారం సంగతీ తొంభై రోజుల సంగతీ, పాఠం ఒప్పజెప్పినట్టు చెప్పాడు. కందకం తానే తవ్వుతాననీ, కూలి అక్కర్లేదనీ చెప్పాక ఆవిడ సంతకం పెట్టింది. గేటు దగ్గర కెమెరా ఉన్నదని పలక మాత్రం రాసి పెట్టమంది. చట్టం ప్రకారం పెట్టాలో లేదో అతనికి తెలియదు గాని, సంతోషంగా పెట్టాడు. పెద్ద అక్షరాలతో పెట్టాడు. అది చూసి దొంగ ఆగిపోతే బాగుండునని అతని ఆశ.

కందకం తవ్వడానికి నాలుగు రోజులు పట్టింది. పాత సమాధుల పక్కన యంత్రం పెట్టడానికి వీల్లేక పారతోనే తవ్వాడు. ఎర్ల్ వచ్చి వైరు పరిచి, కెమెరాలు బిగించి, కొట్టం లోపల ఇనప పెట్టెలో రికార్డరు పెట్టి తాళం చేతికిచ్చాడు. గేటు కెమెరాని సర్దడానికే రెండు గంటలు తీసుకున్నాడు. సిరిల్ చేత బండి పదిసార్లు లోపలికీ బయటికీ నడిపించి, నంబరు ప్లేటు మీది బురద కూడా స్పష్టంగా కనపడేదాకా వదల్లేదు.

అప్పటినుంచి సిరిల్ ప్రతి సోమవారం కూజాలు లెక్కపెడుతున్నాడు. మొదటి సోమవారం సరిపోయాయి. రెండో సోమవారమూ సరిపోయాయి. మూడోసారి లెక్కపెడుతూ ఆన్నా గోంబార్ సమాధి దగ్గర ఆగిపోయాడు. పలక మీద గుండ్రటి రంధ్రం మాత్రం ఉంది. కూజాలో ఉండే ప్లాస్టిక్ పూలు పలక మీద పడుకోబెట్టి ఉన్నాయి, గాలికి పోకుండా వాటి మీద ఒక రాయి.

కొట్టంలో స్టూలు వేసుకుని వారం రోజుల రికార్డింగు ముందు కూర్చున్నాడు. బయట ఎండ కాస్తోంది. కొయ్యాల్సిన గడ్డి మడమలు దాటి పెరిగింది. తెర మీద జనం వస్తున్నారు, పోతున్నారు. కారులో కూర్చుని శాండ్విచ్ తిని దిగకుండానే వెళ్ళిపోయే ఆవిడ. భార్య సమాధి దగ్గరికి మడతకుర్చీ తెచ్చుకునే ముసలాయన. ఇవన్నీ ఏళ్ళుగా అతను చూస్తున్నవే. అయినా ఇలా తలుపు మూసుకుని చూస్తుంటే, పక్కవాళ్ళ ఉత్తరం విప్పి చదువుతున్నట్టు అనిపించింది. వేగంగా తిప్పుకుంటూ పోయాడు.

శనివారం, పొద్దున ఐదూ ముప్పై ఎనిమిది. గేటు కెమెరాలోకి ఒక పికప్పు బండి వచ్చింది. నంబరు చదవక్కర్లేకపోయింది. ఎడమ వెనక దీపానికి ఎర్ర టేపు అతికించింది సిరిలే, నాలుగేళ్ళ కిందట, ఇదే కొట్టం ముందు. నంబరు కూడా చదివాడు. కాగితం మీద రాసుకున్నాడు. తర్వాత రెండో కెమెరా పెట్టాడు. కుడికాలు ఈడుస్తూ ఒక మనిషి మూడో భాగం వైపు నడిచాడు. కొంతసేపటికి జాకెట్టులో ఏదో చుట్టుకుని, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని తిరిగొచ్చాడు. దారి చీలే చోట సిలువ ఉంది. దాని ముందు ఆగి తలవంచి, గుర్తు వేసుకుని, బండెక్కి వెళ్ళిపోయాడు.

సిరిల్ తెర ఆపేసి, పెట్టెకి తాళం వేసి, సాయంత్రం దాకా గడ్డి కోశాడు.

మర్నాడు రీజిస్ ఇంటికి వెళ్ళాడు. రీజిస్ వెనక వసారాలో వేడినీళ్ళ సంచీ నడుముకి ఆనించుకుని కూర్చుని ఉన్నాడు. భార్య జోవాన్ ఆస్పత్రి వంటశాలలో పనికి వెళ్ళింది. వాళ్ళిద్దరూ కాసేపు వానల గురించి, కొత్త ఫాదర్ సాగదీసే ప్రసంగాల గురించి మాట్లాడుకున్నారు.

"గేటు దగ్గర పలక చూడలేదురా నువ్వు?" అన్నాడు సిరిల్.

రీజిస్ అతని వైపు చూడలేదు. "చూశాను. నువ్వు కందకం తవ్వుతుంటే కూడా రోడ్డు మీంచి చూశాను. ఒక్కడివే తవ్వుతున్నావే అనుకున్నాను."

"చూసి కూడా వచ్చావా?"

"ఏదో బజారు డబ్బాయే కొనుంటారనుకున్నా. టీచరమ్మ చెయ్యి ఎంత బిగువో నాకు తెలీదా? దాంట్లో నా మొహం నాకే కనపడదు." కొంచెం నవ్వాడు. సిరిల్ నవ్వకపోయేసరికి ఆపేశాడు. "ఎవరెంచారు?"

"నేనే."

రీజిస్ తల ఊపాడు. "యంత్రం కూడా నువ్వే ఎంచావు. ఒక్క మనిషి చాలు అన్న కాగితం మీద నీ సంతకం చూశాను. ఆ మాట నిన్నెప్పుడూ అడగలేదు."

"అడిగుంటే బాగుండేది."

"అడిగితే ఏం చెప్పేవాడివి?"

వసారా మెట్ల కింద పిల్లి ఒకటి ఒళ్ళు నాక్కుంటోంది.

"ఎవరూ రాని సమాధులవే తీశాన్రా," అన్నాడు రీజిస్ చివరికి. "వచ్చేవాళ్ళవి ఒక్కటి ముట్టుకోలేదు. పూలు కూడా పారెయ్యలేదు. ఎవరికి నష్టం చెప్పు?"

"నేను వస్తాగదరా. రోజూ వస్తాను." అన్నాడు సిరిల్. లేచి నిలబడ్డాక, విల్‌ఫ్రెదో సంచీ విప్పిన సంగతి చెప్పాడు. ఆదివారం లోగా టీచరమ్మ దగ్గరికి వెళ్ళి నువ్వే చెప్పు, నేను పక్కన నిలబడతానన్నాడు. రీజిస్ సరేనన్నాడు. సరేనన్న తీరు చూసి, వెళ్ళడని సిరిల్‌కి అర్థమైంది.

వెళ్ళలేదు. సోమవారం పొద్దున సిరిల్ బెర్నడిన్‌ని కొట్టానికి రమ్మని, స్టూలు తుడిచి కూర్చోబెట్టి, చూపించాడు. ఆవిడ పికప్పు చూసింది. కాలు ఈడ్చే మనిషిని చూసినప్పుడు కళ్ళద్దాలు తీసింది, మళ్ళీ పెట్టుకుంది. ఇంకోసారి వెయ్యమంది.

"రీజిస్," అంది. "మూడో బెంచీలో కూర్చునేవాడు. చేతిరాత ముత్యాల్లా ఉండేది."

"అవును టీచర్‌గారూ."

ఆవిడ మెల్లిగా మొదలుపెట్టింది. వాళ్ళ అమ్మ బలిపీఠం గుడ్డలు ఉతికేదని, జోవాన్ మొహం చూడాలని, పిలిచి గట్టిగా మందలిద్దామని, ఇక కూజాలు కంచువి కాకుండా చవకవి పెట్టుకుందామని, ఇది మన మధ్యే ఉండిపోతే మంచిదని చెప్పుకొచ్చింది. సిరిల్ నిలబడే విన్నాడు. అతనికీ సరిగ్గా అదే కావాలి. ఊ అంటే అయిపోయేది. ఆవిడ పెద్దరికం అడ్డం పెట్టుకుని ఇంటికెళ్ళి పడుకోవచ్చు.

"ఆ నడిచే మనిషి పేరు విల్‌ఫ్రెదో పెరాల్టా," అన్నాడు. "అతన్ని ఆపమని పోలీసుకి చెప్పినప్పుడు మీకు పేరు కూడా తెలీదు. ఈ పేరు తెలుసు. ఇది కూడా చెప్పాలి టీచర్‌గారూ. మీరు చెప్పకపోతే నేను చెబుతాను."

నాలుగో తరగతి నుంచి ఇప్పటిదాకా ఆవిడకి అతను ఎదురుచెప్పడం అదే మొదలు. ఆవిడ చేతిసంచీ తెరిచి ఏదో వెతికింది, ఏమీ తీయకుండానే మూసింది. మధ్యాహ్నం పోలీసు వచ్చి రికార్డింగు నకలు పట్టుకెళ్ళాడు. గడియారం సరిగ్గా ఉందా అని అడిగాడు. ఉందన్నాడు సిరిల్.

రీజిస్ కోర్టులో వాదించలేదు. ఒప్పుకున్నాడు. చలికాలంలోవి కూడా తనే తీశానని, ఎవరూ అడగకముందే చెప్పాడట. జైలు తప్పింది. రెండేళ్ళు కోర్టు అధికారి దగ్గర హాజరు వేయించుకోవాలి, పోయినవాటి విలువ మెల్లమెల్లగా కట్టాలి. పాత సామాన్ల కొట్లో ఐదు కూజాలు దొరికాయి. మిగతావి అప్పటికే కరిగిపోయాయి. అంత్యక్రియలకి తప్ప సమాధుల తోటకి రావద్దని సంఘం అతనికి ఉత్తరం రాసింది. ఆ ఉత్తరం మీద సిరిల్ సంతకం అడగలేదు.

విల్‌ఫ్రెదోకి ఎవరూ ఏమీ చెప్పలేదు. పోలీసు చెప్పలేదు, సంఘమూ చెప్పలేదు. అతను చుట్టూ తిరిగి పెద్దరోడ్డు మీంచి వెళ్ళడం మొదలుపెట్టి అప్పటికి నెల దాటింది. సిరిల్ ఒకరోజు పొద్దున్నే బస్సు ఆగే చోటికి వెళ్ళి నిలబడ్డాడు.

"దొరికాడు," అన్నాడు.

"ఎవరు?"

"మావాడే."

విల్‌ఫ్రెదో ఆశ్చర్యపోలేదు. మంచిది అన్నాడు. ఇక నువ్వు అడ్డదారినే రావచ్చు, ఎవరూ ఆపరు, నేను చూసుకుంటానన్నాడు సిరిల్. పావుగంట నడక కలిసొస్తుంది కదా అన్నాడు. ఆ మనిషి సంచీ భుజం మార్చుకుని, అతని మొహంలోకి మర్యాదగానే చూశాడు.

"ఈ దారి అలవాటైంది బాస్. పర్లేదు."

తర్వాత కూడా అతను రాలేదు. పొద్దున్న నూనె పోసుకునే వేళకి సిరిల్ తల అప్పుడప్పుడు ఆ వైపు తిరిగేది.

అక్టోబరులో జోవాన్ తల్లి పోయింది. గుట్ట దక్షిణపు అంచున ఆవిడకి చోటుంది. సిరిల్ ముందురోజు యంత్రంతో తవ్వి, అంచులు పారతో చెక్కి, గుడారం వేశాడు. ఒక్కడే వెయ్యడం కష్టం. ఒక స్తంభం నిలబెట్టేసరికి రెండోది వాలిపోతుంది.

పూడ్చే రోజు సన్నగా జల్లు పడింది. జనం పదిహేనుమంది కూడా లేరు. రీజిస్ నల్లకోటులో, అందరికీ వెనకగా, కాలి బరువు అటూ ఇటూ మార్చుకుంటూ నిలబడ్డాడు. బెర్నడిన్ వచ్చింది. జోవాన్ చేతులు పట్టుకుంది, రీజిస్ పక్కనుంచి వెళ్తూ తల ఊపింది. ప్రార్థన ముగిశాక అందరూ చర్చి నేలమాళిగలో భోజనానికి బయల్దేరారు. జోవాన్ తన అక్క కారెక్కింది.

రీజిస్ ఎక్కలేదు. పెట్టెను దించే పట్టీలు చుట్టడానికి సిరిల్ వంగుతుంటే, అవతలి కొస అప్పటికే ఎవరో పట్టుకుని ఉన్నారు. ఇద్దరూ కలిసి పట్టీలు చుట్టారు. గొయ్యి చుట్టూ వేసిన చెక్కలు తీశారు. రీజిస్ కోటు విప్పి కొమ్మకి తగిలించి, గుడారం రెండో స్తంభం పట్టుకున్నాడు. ఏ తాడు ముందు వదలాలో, ఏ మూల ముందు మడవాలో ఇద్దరిలో ఎవరూ చెప్పనక్కర్లేదు. సిరిల్ యంత్రం ఎక్కి మట్టి తోశాక, చివరి అడుగు మట్టిని రీజిస్ పారతో సర్దాడు. నడుము నొప్పికి రెండుసార్లు ఆగాడు. వద్దని సిరిల్ అనలేదు.

పని అయ్యాక రీజిస్ పారని గడ్డికి తుడిచి యంత్రానికి ఆనించాడు. తడిసిన కోటు వేసుకున్నాడు.

"వాళ్ళు తినేసుంటారు ఈపాటికి," అన్నాడు సిరిల్.

"ఆ బంగాళాదుంప పిరోగీలు మిగలవు."

"జోవాన్ దాచి ఉంచుతుందిలే. నడు, దింపుతాను."

రీజిస్ నడుచుకుంటూ పోతానన్నాడు. కాలు ఈడ్చుకుంటూ వాలులో దిగాడు. సిరిల్ గుడారం గుడ్డని బండిలోకి ఎత్తాడు. తడిసి రెట్టింపు బరువుంది. రెండుసార్లు జారిపోయింది. మూడోసారికి ఎక్కింది.